క్రొత్త పాట కొరకు వెదకులాట

క్రొత్త పాట యనగానే మన యిండ్లలో సినిమా పాటయే యని యర్థమైపోయినది. “ఈ నడుమ క్రొత్త పాటలేమి వచ్చినవి?” అని యెవరైన నడిగినచో, ఫలానా కథానాయకుని చిత్రములో నాలుగు పాటలు వచ్చినవని సమాధానము చెప్పుదుము. సినిమా పాటను తక్కువ చేసి వ్రాయుట మా యుద్దేశము కాదు. ఆ పాటయే లేనిచో హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందలి తెలుగిండ్లలో ఇన్నియేండ్లు తెలుగు మాట చెవిని బడుటకు వేరొక దారి యుండెడిది కాదు. కాని సినిమాతో పని లేక, తమ పాటను తామే వ్రాసికొని, తామే స్వరపరచుకొని, చేతి సొమ్ముతో రికార్డు చేసి లోకము మీదికి వదలుచున్న యువకులు, యువతులు నేడు తెలుగులో చాలమంది కలరు. వారి పాటలు వాటంతట అవి మన గుమ్మము వరకు రావు. మనమే వెదకికొని పోవలెను. ఆ వెదకులాటను గూర్చియు, దానివలన మా యింట వచ్చిన మార్పును గూర్చియు నాలుగు మాటలు వ్రాయుటకు సంఘమువారు అవకాశమిచ్చినందుకు కృతజ్ఞులము.

మేము సంగీత విద్వాంసులము కాము. యస్.యస్.యల్.సి.తో చదువు చాలించి, కృష్ణగిరిలో ఒక కార్యాలయమున గుమాస్తాగా చేరి, ముప్పదియైదేండ్లు దస్త్రములతో కాలము గడిపి విశ్రాంతి పొందినవారము. కాపురము హోసూరు. రెండూళ్ల నడుమ ఇంచుమించు ఏబది కిలోమీటర్ల దూరము. ప్రొద్దున నొకసారి, సాయంత్రమొకసారి బస్సులో కూర్చున్న ఆ గంటలే మా సంగీత పాఠశాల. టేపు రికార్డరు మ్రోగుట మొదలిడిన రెండు నిమిషములలో డ్రైవరు ఏ యూరివాడో చెప్పగలిగెడివారము. ఇళయరాజా పాటయైనచో ధర్మపురి వైపువాడు, రాజకుమార్ పాటయైనచో ఆనేకల్లు వైపువాడు, ఘంటసాల వినబడినచో బాగలూరు వాడో బేరికి వాడో యని లెక్క. లెక్క తప్పిన రోజులు తక్కువ.

సినిమాకు వెలుపలి పాట తెలుగువారికి నిన్నమొన్న పుట్టినది కాదు. నండూరి సుబ్బారావుగారి ఎంకి పాటలు 1925లో పుస్తకముగా వచ్చునప్పటికి తెలుగు టాకీయే పుట్టలేదు. సాలూరి రాజేశ్వరరావుగారు, రావు బాలసరస్వతీదేవిగారు సినిమాలలో పేరుపడినవారే యైనను, సినిమాతో సంబంధము లేని లలితగీతములను గ్రామఫోను రికార్డులపై పాడి ఇంటింట వినిపించిరి. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపమును ఘంటసాలవారు పాడిన రికార్డు మన పెద్దలందరికి తెలిసినదే. ఆనాటి రికార్డు ఒక ప్రక్క మూడు నిమిషముల చిల్లర మాత్రమే తిరుగును. పాట ఎంత గొప్పదైనను ఆ కొలతలో ఇమిడి తీరవలెను. రికార్డులు పోయి ఇన్ని దశాబ్దములైనను మన పాటలు ఇంకను ఇంచుమించు ఆ నిడివిలోనే తిరుగుచుండుట వింత. ఏ నిర్బంధమును లేని నేటి యువకుడు కూడ నాలుగు నిమిషములకే పాట ముగించుచున్నాడు!

ఆకాశవాణి సంగతి వేరు. 1952లో కేంద్రమున సమాచార ప్రసార శాఖామంత్రియైన బి.వి.కేస్కర్‌గారు సినిమా పాటలను రేడియో నుండి ఇంచుమించు వెలివేసిరి. శ్రోతలు సిలోను రేడియో వైపు మరలిరి. 1957లో వివిధభారతి పుట్టి ఆ పాటలకు మరల చోటు కల్పించినది. మంత్రిగారి పట్టుదల తగునా యన్నచో మా మట్టుకు తగదనియే తోచును. ఒకరి చెవికి ఏది యింపో మరియొకరు శాసించుట యేమి? అయినను ఆ కాలమున రేడియో కేంద్రములు స్వంతముగా పాటలు వ్రాయించి, స్వరపరపించి, పాడించి లలితసంగీతమును పెంచినవి. 1941లో మద్రాసు కేంద్రమున చేరిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు తామే వ్రాసి, తామే వరుస కట్టగల వాగ్గేయకారులు. వాగ్గేయకారుల చరిత్ర వ్రాసి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందినవారును వారే. మా బాల్యమున రాత్రిపూట విజయవాడ కేంద్రము గరగర శబ్దముల నడుమ వచ్చెడిది. మీడియం వేవు తరంగములు చీకటి పడిన తరువాత ఎక్కువ దూరము పోవును గనుక, పగలు వినరాని తెలుగు రాత్రి వినబడెడిది. 1963లో కడప కేంద్రము వచ్చినందున మన సరిహద్దు పల్లెలవారికి మరికొంత మేలు కలిగినది. మా నాయనగారు రేడియోకు చెవి యానించి, పాట ముగిసిన తరువాత రచయిత పేరు చెప్పువరకు ఎవరిని మాటాడనిచ్చెడివారు కారు.

ఈ పాత సంగతులు చెప్పుటకు కారణమున్నది. ఆనాడు క్రొత్త గాయకుని మనకొరకు మరియొకరు ఎంచి పెట్టుచుండిరి. ఆకాశవాణిలో పాడవలెనన్న స్వరపరీక్షలో నెగ్గవలెను. నెగ్గినవారికి బి, బి-హై, ఎ, టాప్ అని తరగతులుండెను, నేటికిని కలవు. గ్రామఫోను కంపెనీవాడు డబ్బు పెట్టవలెనన్న వానికి నమ్మకము కలుగవలెను. అందువలన మంచి పాట వచ్చినది. మంచివారు కొందరు గుమ్మము బయటనే నిలిచిపోయియుందురు. మన హోసూరు తెలుగు మాటాడువాడు ఆ గుమ్మములు దాటిన సందర్భము మా యెరుకలో లేదు. నేడు ఆ గుమ్మములు లేవు. 2016 తరువాత సెల్‌ఫోనులో డేటా చౌకయైనందున పల్లెలోని కూలివాని బిడ్డ కూడ తన పాటను యూట్యూబులో పెట్టగలుగుచున్నాడు. పెట్టుట సులభమైనది, వినబడుట కష్టమైనది. ఎంచి పెట్టువాడు పోయినాడు గనుక ఎంచుకొను పని వినువాని నెత్తిన బడినది.

మా నెత్తిన అది పడినది 2020లో. కరోనా వలన ఎవరి గుమ్మము వారు దాటరాని రోజులవి. మనుమనికి అప్పటికి తొమ్మిదేండ్లు. 2006లో తమిళనాట చేయబడిన తమిళ అభ్యసన చట్టము ఒకటవ తరగతితో మొదలిడి ఏటికొక తరగతి చొప్పున ఎక్కి, 2015-16లో పదవ తరగతిని చేరినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు న్యాయస్థానములు మినహాయింపులిచ్చిన సందర్భములు కలవు గాని, పిల్లల మార్కుల నిమిత్తము భయపడు తలిదండ్రులు ఆ గొడవలోనికి దిగరు. తమిళము నేర్చుట మంచిదే. ఈ నేల మీద బ్రదుకువారము, అది మనకు అన్నము పెట్టు భాష. కాని మా మనుమడు తమిళమును, ఇంగ్లీషును చదువును. తెలుగు మాటాడును, అక్షరము రాదు. మేము కథల పుస్తకము చేతికిచ్చినచో తిరగవేసి బొమ్మలు చూచి తిరిగి యిచ్చును. పద్యము నేర్పబోయితిమి; రెండు దినములు చెప్పి మూడవ దినము కడుపునొప్పి యనెను.

అట్టి రోజులలో హైదరాబాదుకు చెందిన చౌరస్తా యను బృందమువారు కరోనా జాగ్రత్తలను గూర్చి రామ్ మిరియాల పాడగా ‘చేతులెత్తి మొక్కుతా’ యను పాటను విడుదల చేసిరి. పనిగట్టుకొని హితవు చెప్పు పాటలు మాకు సాధారణముగా నచ్చవు. ఇది నచ్చినది. డప్పు నడకలో వాడుక మాటలతో పాట సాగుచుండగా మనుమడు అన్నము తినుట మాని విని, ఒక మాట కర్థమేమని మమ్మడిగెను. తెలుగు మాటకు అర్థము వాడు తనంత తాను అడుగుట అదియే మొదలు. ఆ బృందమువారివే ‘మాయ’, ‘ఊరెళ్ళిపోత మామా’ యను పాటలు వెదకి వింటిమి. ఆ గాయకుడే తరువాత సినిమాలకు పాడి, 2022లో ‘డిజె టిల్లు’ చిత్రపు పాట తానే స్వరపరచి పాడి మిక్కిలి ప్రసిద్ధుడయ్యెను. ఆ పాట వీధివీధిని మ్రోగుచుండగా మా మనుమడు తోడి పిల్లలతో, “ఈయన్ని మేము ముందే కనిపెట్టినాము” అని గొప్పలు పోయెను. క్రొత్తవానిని ముందుగా విన్న సంతోషము ఒకవిధమైన ఆస్తి. దానిని ఎవరును పంచుకొనలేరు.

నాటినుండి రాత్రి భోజనమైన తరువాత ఒక క్రొత్త పాట వినుట మా యింటి నియమమైనది. గుమాస్తా బుద్ధి యెక్కడికి పోవును? ఒక పెద్ద నోటుపుస్తకము కొని, గీతలు గీసి రిజిస్టరు పెట్టితిమి. తేదీ, పాట పేరు, పాడినవారు, వ్రాసినవారు, వరుస కట్టినవారు, ఏ ప్రాంతపు తెలుగు, ఎట్లు దొరికినది, అభిప్రాయము - ఇవి దానిలోని గడులు. అభిప్రాయపు గడిలో మేమొక మాట, మనుమడొక మాట వ్రాయుదుము. మొదట వాడు తెలుగు మాటను తమిళ లిపిలో వ్రాసెడివాడు. తమిళమునకు క, గ లకు ఒకే యక్షరము గదా, తాను వ్రాసినది తానే చదువుకొనలేక, “తాతా, మన గ ఎట్ల రాసేది?” అని యడిగెను. మేము పుస్తకము వ్రాలు చోట ఆ యక్షరము వ్రాసి చూపి, మరేమియు మాటాడక పండుకొంటిమి. ఎక్కువ సంతోషము చూపినచో మరల కడుపునొప్పి వచ్చునేమోయని భయము. ప్రస్తుతము మూడవ రిజిస్టరు నడుచుచున్నది. వాని చేతివ్రాత మా చేతివ్రాత కన్న మేలు.

ఇక పాటలు వెదకు విధానము. ఫోను తెరచి ఊరక కూర్చున్నచో అది మనము నిన్న విన్నదానినే నేడును వడ్డించును. ఒకసారి పెసరట్టు బాగున్నదని చెప్పిన పాపమునకు నెల దినములు పెసరట్టే పెట్టు వంటవాని వంటిది ఆ యంత్రము. దానికి తోడు మేము తమిళనాట నున్నామని దానికి తెలియును. తెరచినంతనే తమిళ పాటలు, నడుమ కన్నడ పాటలు, తెలుగన్నచో అందరెరిగిన సినిమా పాటలు చూపును. కనుక అది పెట్టినది తినక మనము అడిగి తినవలెను. ఇంగ్లీషు అక్షరములతో వెదకినప్పుడు వచ్చు పాటలు వేరు, తెలుగు లిపిలో వెదకినప్పుడు వచ్చునవి వేరు. పల్లె పాటలు రెండవ విధముననే ఎక్కువ దొరకును. మేము ‘ప్రేమ’ వంటి మాటలతో వెదకము. రాగులు, గొర్రెలు, నాగలి, రాత్రి షిఫ్టు, ఊరి చెరువు వంటి మాటలతో వెదకుదుము. ఎవడైన రాత్రి షిఫ్టు మీద పాట వ్రాసినాడన్నచో వానికి చెప్పవలసిన దేదియో యున్నదని యర్థము. పాట నచ్చినచో దాని క్రింద నున్న పేర్లన్నియు చదివి, వ్రాసినవాని పేరు పట్టుకొని వాడు వ్రాసిన తక్కిన పాటలకు పోదుము. గాయకుని పట్టుకొని పోవుట కన్న రచయితను పట్టుకొని పోవుట లాభము. మంచి గొంతు చెడ్డ పాటను కూడ పాడును.

వినునప్పుడు ఫోనును బోర్లించి పెట్టుదుము. దీనికి మనుమడు చాలనాళ్లు ఒప్పుకొనలేదు. కాని బొమ్మ చూచినచో పాట వినబడదు; మంచి కొండ, మంచి నది, మంచి చీర కనబడును, పాట కూడ మంచిదేయని భ్రమ కలుగును. రెండవ చరణము వరకు ఆగుట మరియొక నియమము. పల్లవి అందరును బాగుగనే వ్రాయుదురు. చెప్పుటకు సరుకున్నదా లేదా యనునది రెండవ చరణములో బయటపడును. మా రిజిస్టరులో “పల్లవి మాత్రమే” అను అభిప్రాయము చాల పుటలలో కలదు. స్వంత పాటయని చెప్పి సినిమా పాట నీడలోనే నడచునవి, గొంతుకు యంత్రముతో మెరుగు పెట్టి మనిషిని మాయము చేసినవి, ఇంగ్లీషు మాటను పులుసులో రాయివలె పడవేసినవి కుప్పలుగా కలవు. పదింటిలో ఒకటి నిలిచినచో ఆ రాత్రి ధన్యమే.

పొరుగు భాషలలో ఏమి జరుగుచున్నదో సరిహద్దువారమైన మనకు తెలిసినంతగా హైదరాబాదువారికి తెలియదనుకొందుము. నలుబది కిలోమీటర్ల దూరముననున్న బెంగళూరులో రఘు దీక్షిత్ పందొమ్మిదవ శతాబ్దపు శిశునాళ షరీఫుగారి తత్త్వములను గిటారు మీద పాడి, 2008లో వెలువడిన తన తొలి ఆల్బముతో దేశాంతరముల వరకు ప్రసిద్ధుడయ్యెను. తమిళమున 2021లో అరివు, ధీ పాడిన ‘ఎంజాయ్ ఎంజామి’ ఏ సినిమా అండయు లేక మన వీధులలో పిల్లల నోట నెల్లాళ్లు నిలిచినది. పేరు పడినవాడు కాకున్నను పాట వ్రాయవచ్చుననుటకు మన హోసూరు ప్రక్కననున్న తొరపల్లిలో పుట్టిన రాజాజీగారే సాక్షి. రాజకీయములలో తలమున్కలుగా నున్న ఆ పెద్దమనిషి వ్రాసిన ‘కురై ఒన్రుమిల్లై’ యను తమిళ పాట యం.యస్.సుబ్బులక్ష్మిగారి గొంతున నేటికిని ఇంటింట వినబడుచున్నది. మన వేమనను, వీరబ్రహ్మముగారి తత్త్వములను పట్టుకొని, రఘు దీక్షిత్ కన్నడమునకు చేసిన పనిని తెలుగునకు చేయువాడు ఎప్పుడు వచ్చునా యని మేము రిజిస్టరులో ఒక పుట ఖాళీగా నుంచితిమి.

యాస సంగతి చెప్పవలసి యున్నది. ఈ వ్యాసములో ‘ఉన్నది’ యని వ్రాయు మేమే ఇంట ‘ఉండాది’ యందుము. మన మొరసునాటి తెలుగు అది. బడిలో అది తప్పు, రేడియోలో అది లేదు, సినిమాలో అది నవ్వులాట. 2018లో రాయలసీమ జానపద గాయకుడు పెంచల్ దాస్ ‘కృష్ణార్జున యుద్ధం’ చిత్రమున పాడిన పాట మొదటిసారి విన్నప్పుడు మా యింటి ఇల్లాలు వంటింటి నుండి వచ్చి, “ఇది మనోళ్లు పాడినట్ల ఉండాదే!” అనెను. అది మన యాసకు సరిగా సరిపోదు గాని చుట్టరికము కలది. హోసూరు ప్రాంతపు రచయితలు కొందరు తమ నోటి తెలుగులోనే కథలు వ్రాసి పుస్తకములు వేసియున్నారు. పాట యింకను రావలసి యున్నది.

రాలేదని యనరాదు, వచ్చినది. మా వీధికే వచ్చినది. పారిశ్రామికవాడలో రాత్రి షిఫ్టు చేయు ఒక యువకుడు, పేరు వ్రాయుటకు ఆతడు సమ్మతింపలేదు గనుక వ్రాయము, తానొక పాట కట్టి మాకు వినిపించెను. తెల్లవారుజామున గులాబీ తోటల నడుమ సైకిలు మీద ఊరికి పోవుచుండగా, తన కొరకు దీపమార్పక కూర్చున్న అవ్వను తలచుకొను పాట అది. ప్రతి చరణమును ‘ఉండాది’ యను మాటతో ముగియును. ఇల్లుండాది, దీపముండాది, అవ్వ ఉండాది. ఆతని గొంతు గొప్పది కాదు. కాని రెండవ చరణము మొదటి చరణము కన్న బాగున్నది. దానిని విడుదల చేయుటకు ఒక సంస్థవారు ముందుకు వచ్చి, యాస అందరికి అర్థము కాదు, ‘ఉంది’ యని మార్చుమనిరి. ఇచ్చట కొంచెము లెక్క చూడవలెను. ‘ఉండాది’ ఐదు మాత్రల మాట. ‘ఉంది’ మూడు మాత్రలు. రెండు మాత్రలు తగ్గినందున తాళము కుంటుపడినది. ఆ లోటు పూడ్చుటకు వారు ‘లే’ చేర్చి ‘ఉందిలే’ యనిపించిరి. తాళము సరిపోయినది, పాట పోయినది. ‘అవ్వ ఉండాది’ యన్నచో అవ్వ గడపలో కూర్చున్నది. ‘అవ్వ ఉందిలే’ యన్నచో ఉన్నను లేకున్నను ఒకటే!

“పెద్దయ్యా, ఏది ఉంచేది?” అని ఆతడు రెండును మాకు వినిపించి యడిగెను. మేము మనుమని పిలిచి, ఫోను బోర్లించి, రెండును వినిపించితిమి. వాడు మా ముఖము చూడకుండ, “మొదటిదే. రెండోదాన్లో అవ్వ లేదు” అనెను. ఆ కుర్రవాడు సంస్థవారికి ఉత్తరము వ్రాసి పాటను వెనుకకు తీసికొనెను. వచ్చెడి కొద్ది డబ్బును పోయినది. ఆతని సంసారమునకు ఆ డబ్బు అక్కర లేనిది కాదు. ఇంట చెల్లెలి పెండ్లి యప్పు కలదు. ఆ నిర్ణయమునకు మా యింటి మాట కొంత కారణము గనుక, ఆ పాటను నలుగురికి వినిపించు బాధ్యత మాపై బడినది. ఉగాదికి ఒక వేదిక మీద ఆతనికి ఐదు నిమిషములు అడిగితిమి. కార్యక్రమము నిండిపోయినదనిరి. ఆ సాయంత్రము సినిమా పాటలకు పిల్లల నృత్యములు పదునాలుగు జరిగినవి. ఆతడు చివరి వరుసలో కూర్చుండి అందరితోపాటు చప్పట్లు కొట్టెను.

పేరును, డబ్బును గూర్చి క్రొత్త గాయకులకు కలుగు చిక్కులు పెద్ద యూళ్లలోను కలవు. 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రమున ‘సారంగదరియా’ పాటను మంగ్లీ పాడగా లోకమంతయు విన్నది. ఆ జానపదమును లోగడ టెలివిజను వేదికపై పాడిన కోమలి తనకు గుర్తింపు ఏదని యడిగెను. దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపును, ప్రతిఫలమును ఇచ్చుటకు సమ్మతించెను. అడుగబట్టి దక్కినది. కిన్నెర వాయించు దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినది. 2024లో ఆయన కూలిపనికి పోవుచున్నట్లు పత్రికలలో చదివితిమి. ‘ఎంజాయ్ ఎంజామి’ వలన తమకు ఒక్క పైసయు ముట్టలేదని దాని నిర్మాణమున పాలుపంచుకొన్న సంతోష్ నారాయణన్ 2024లో బహిరంగముగా చెప్పెను. అంత ప్రసిద్ధి పొందిన పాట గతియే అదియైనచో, బేరికి నుండి పాడువాని మాట చెప్పనక్కరలేదు. 2012లో కాపీరైటు చట్టమునకు చేసిన సవరణ వలన గేయరచయితకు, స్వరకర్తకు రాయల్టీలో హక్కు స్థిరపడినది. కాని హక్కు కాగితము మీద నుండుట వేరు, చేతికి వచ్చుట వేరు; ముప్పదియైదేండ్లు కాగితములతో గడిపిన మాకు ఆ భేదము బాగుగా తెలియును. కనుక పాటను ఒకరికి పంపునప్పుడు పాడినవాని పేరు, వ్రాసినవాని పేరు చేర్చి పంపుడని మనవి. “బాగున్నది, వినుడు” అని పేరు లేక పంపుట చిరునామా లేని ఉత్తరమును డబ్బాలో వేయుటయే.

వినువాడు లేనప్పుడు పాట గతి యేమగునో తెలిసికొనుటకు తిరుమల చాలును. అన్నమాచార్యులు పదునైదవ శతాబ్దమున పాడిన వేలకొలది సంకీర్తనలు రాగిరేకుల మీదికెక్కి గుడిలోని గదిలో వందల యేండ్లు పడియుండెను. ఇరువదవ శతాబ్దమున అవి బయటపడిన తరువాత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటివారు వాటికి స్వరములు కట్టగా, మన తాతలకు తెలియని పాటలు మనకు నోటికి వచ్చినవి. ఐదు వందల యేండ్ల పాట మన ఇండ్లలోనికి క్రొత్త పాటగా వచ్చినదన్నమాట. ఆయనకు రాగిరేకులుండెను. మన అవ్వలు రాగులు విసరుచు పాడిన పాటలకు ఏ రేకులును లేవు. విసురురాయి మూలబడిన నాడే అవియు మూలబడినవి.

ఆ యువకుని పాట చివరకు వేదిక నెక్కినది గాని, అది మేమడిగిన వేదిక కాదు. ఆతని యూరి రామమందిరమున శనివారపు భజన జరుగుచుండగా, పూజారిగారే పిలిచి పాడుమనిరి. హార్మోనియమును, తబలాయు, చెక్కలును తప్ప వేరు వాద్యములు లేవు. మేమును మనుమడును ఆఖరి బస్సున పోయితిమి. విన్నవారు ముప్పదిమంది కూడ లేరు. రెండవసారి ‘ఉండాది’ వచ్చునప్పటికి అరుగు మీది ముసలమ్మలు ఆ మాటను తామే అందుకొనిరి. పాట ముగిసిన తరువాత ఎనుబదేండ్ల ముసలమ్మ యొకతె, “ఈ వరస నాకు తెలుసు కదా, రాగులు ఇసిరేటప్పుడు మాయమ్మ పాడతా ఉండె” అని తాను ఒక పాట ఎత్తుకొనెను. ఆ యువకుడు ఆ వరుస ఎన్నడును వినలేదట. ఆమె పాట సగము వరకే వచ్చినది, తక్కినది మరచితినన్నది. మా మనుమడు జేబులోని ఫోను తీసి ఆ సగమును పట్టుకొనెను. మరుదినము రిజిస్టరులో ఆ పాట వ్రాయుచు, వ్రాసినవారు అను గడి దగ్గర కలమాపి, “తాతా, ఈడ ఏమి రాసేది?” అని యడిగెను. ముసలమ్మ తల్లి పేరు కనుగొని వ్రాయుమని చెప్పితిమి. వాడు మరుసటి ఆదివారము సైకిలు మీద పోయి కనుగొని వచ్చెను.

సంఘమువారికి మా విన్నపమొకటి. ఏటేటి ఉగాది సాయంత్రమున పదునైదు నిమిషములు క్రొత్త పాటకు కేటాయింపుడు. పాడువాడు తన పాటయే పాడవలెను, పాడిన తరువాత వ్రాసినవారి పేరు, వరుస కట్టినవారి పేరు చెప్పవలెను. ఈ రెండే షరతులు. నృత్యములు పదునాలుగుండుటకు బదులు పండ్రెండున్నచో పిల్లల తలిదండ్రులు కోపగింపరని నమ్ముచున్నాము. గాయకులు దొరకరన్న చింత వలదు. డెంకణికోట, తళి, కెలమంగలము, వేపనపల్లి వైపుల నుండి పాడగలవారి పేర్లు పదునొకండు మావద్ద కలవు.

నిండిన రెండు రిజిస్టరులను సంఘ పఠనాలయమున, పత్రికల బల్ల ప్రక్కన నుంచితిమి. మూడవదానిని నెలకొక ఆదివారము తెచ్చెదము. కలము దారముతో కట్టియున్నది. పాటలు తెలిసినవారు గడులన్నియు నింపవలెను. ముసలమ్మ పాట తక్కిన సగము ఎవరికైన తెలిసినచో రెండవ రిజిస్టరు చివర నాలుగు పుటలు ఖాళీగా నున్నవి.